బోరు నీటిలో తెల్లబట్టలు పచ్చబడుతున్నాయి: ఏ పొడి వాడితే మంచిది?

ప్రశ్న: పర్లాకిమిడి కోడలు

అందరికీ నమస్కారం. మేము గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాము. మా మామగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించారు. నాకు తెలిసినంతవరకు ఆయన పొందూరు పంచె, తెల్ల లాల్చీ తప్ప మరొకటి కట్టి ఎరుగరు. పిల్లలిద్దరికీ శనివారం తెల్ల యూనిఫారం. ఆ విధంగా వారానికి పది పన్నెండు తెల్లబట్టలు నా చేతికి వస్తాయి. ఊళ్లో అద్దెకున్నన్నాళ్లూ కుళాయి నీటితో ఉతికాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఏడాదిన్నర క్రితం ఊరి చివర ఇల్లు కట్టుకుని బోరు వేయించుకున్నాము. అప్పటినుంచి తెల్లబట్టలు నాలుగు ఉతుకులకే పాత కాగితం రంగుకు తిరుగుతున్నాయి. మామగారు పైకి ఏమీ అనరు గాని, ఈ మధ్య ఏరు దాటి పాతపట్నంలో పెళ్లికి వెళ్లవలసి వచ్చినప్పుడు దండెం మీది లాల్చీలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూసి, మారు మాట్లాడకుండా బీరువాలోంచి కొత్తది తీసుకున్నారు. నాకు తల కొట్టేసినట్లయింది.

పొడి మారిస్తే సరిపోతుందనుకుని నాలుగు రకాలు తెచ్చాను. మామూలుగా వాడి చూస్తే తేడా తేలదని, పాత పంచె ఒకదాన్ని నాలుగు ముక్కలుగా చింపి, గుర్తుకోసం అంచున ఒకటి, రెండు, మూడు, నాలుగు ముడులు వేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క రకంతో ఆరేసి సార్లు ఉతికాను. ఒక ముడి ముక్క చవక పొడిది. అది బూడిద రంగుకు తిరిగి చేతికి గరుకుగా తగులుతోంది, ఉతికిన రోజు నా అరచేతులు మండుతాయి. రెండు ముడులది నీలి పలుకులు కలిసిన మధ్యరకం పొడి. మొదట్లో బాగున్నట్లే ఉండి తరువాత పచ్చబడింది. మూడు ముడులది అన్నిటికన్నా ఖరీదైనది. ఎండలో చూస్తే మెరిసిపోతుంది, ఇంట్లోకి తెచ్చి దీపం కింద చూస్తే రెండో ముక్కకూ దానికీ పెద్ద తేడా కనబడదు. నాలుగు ముడులది లిక్విడ్. గుడ్డ మెత్తగా ఉంది గాని, దానితో ఉతికిన లాల్చీలకు కాలరు లోపలి గీత అలాగే ఉండిపోతోంది. వీటి పేర్లు రాయడం లేదు, తప్పు వాటిదో నాదో ఇంకా తేలలేదు కదా.

ఇంకో రెండు విషయాలు చెప్పాలి. ఉతికే బకెట్టుకు నీటిమట్టం దగ్గర చుట్టూ ఎర్రటి గీత పడుతోంది, ఎంత తోమినా మళ్లీ వస్తుంది. ఒకసారి మంచినీళ్లు అయిపోయి ఆ బోరు నీటితోనే టీ పెడితే సిరా కలిపినట్లు నల్లబడింది. ఇంతకీ నేను ఏ పొడి కొనాలి? నీలిమందు పెట్టడం మేలు చేస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: బల్లార్‌షా ఇల్లాలు

అమ్మా, మాది చంద్రపూర్ జిల్లా. మా మామగారి తండ్రి కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మీ ఊళ్లో ఎర్ర గీత అయితే, మా ఊళ్లో నల్ల నుసి. ఆరవేసిన బట్ట సాయంత్రం తీసేసరికి దండెం ఆనిన చోట సన్నని నల్ల చార ఉంటుంది. బొగ్గు నుసి పట్టిన బట్టను నేరుగా నీళ్లలో ముంచకూడదని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నేర్పారు. ముందు పొడిగా ఉండగానే గట్టిగా దులిపి, తరువాత ఉత్త నీళ్లలో ఒకసారి జాడించి, అప్పుడే సబ్బు నీళ్లలో నానబెట్టాలి. తడిసిన నుసిని రుద్దితే పోగుల్లోకి దిగుతుంది, ఇక ఏ పొడికీ లొంగదు.

పొడి విషయంలో నా మాట ఏమిటంటే, ఖరీదైనదే కొని, ప్యాకెట్టు మీద చెప్పినదానికన్నా ఎక్కువ వేయకుండా వాడండి. మా పక్కింటావిడ గుప్పెళ్లతో పోస్తుంది, నురగ చూసి సంబరపడుతుంది, ఆ నురగంతా వదిలించడానికి ఆరు బకెట్ల నీళ్లు పారబోస్తుంది. సరిగా జాడించని బట్ట జిగటగా ఉండి దుమ్మును తొందరగా పట్టుకుంటుంది. పిల్లల యూనిఫారాలకు నేను నెలకొకసారి బజారులో దొరికే క్లోరిన్ బ్లీచింగు ద్రావణం అర మూత కలిపి నానబెడతాను, పాలలా వస్తాయి. మీరూ చేసి చూడండి.

సమాధానం: బరంపురం మాస్టారు

నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి విరమించినవాడిని. బల్లార్‌షా చెల్లెమ్మ చెప్పినవన్నీ మంచి మాటలే గాని, చివరి సలహాను మాత్రం పర్లాకిమిడి అమ్మాయి దయచేసి పాటించవద్దు. ఆ ఇద్దరి నీళ్లు ఒకటి కావు.

అమ్మాయీ, బకెట్టుకు ఎర్ర గీత, టీ నల్లబడటం, ఈ రెండూ చెప్పాక ఇంకా పొడి గురించి అడుగుతున్నావు. మీ బోరులో ఇనుము ఉన్నది. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీటిలో కరిగి ఉంటుంది, తోడిన వెంటనే చూస్తే నీరు స్వచ్ఛంగానే కనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ అది తుప్పు రేణువులుగా మారి అడుగుకు దిగుతుంది. ఆ దిగడమేదో మీ మామగారి లాల్చీ పోగుల్లో జరుగుతోంది. టీలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, పూర్వం కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణంతో సిరా చేసుకున్నది ఈ గుణంతోనే. క్లోరిన్ బ్లీచి వేస్తే ఇనుము ఒక్కసారిగా తుప్పుగా మారి బట్టను పట్టుకుంటుంది. తెల్లబడాలని వేసినది గోధుమరంగు మచ్చలు తెస్తుంది. పాలిస్టరు కలిసిన యూనిఫారం బట్టను కూడా క్లోరిన్ పదే పదే తగిలితే పచ్చబరుస్తుంది, ఇది బల్లార్‌షా చెల్లెమ్మ కూడా గమనించుకోవాలి.

పరీక్ష కావాలంటే, రాత్రి ఒక గాజు సీసా నిండా బోరు నీరు పట్టి మూత పెట్టకుండా ఉంచి ఉదయం చూడండి. అడుగున ఎర్రటి పలుచని మడ్డి కనిపిస్తే నా మాట నిజమైనట్లే.

ఇక నీ నాలుగు ముడుల సంగతి. నీవు చేసిన పరీక్ష నాకు ముచ్చట వేసింది, మా ప్రయోగశాలలో పిల్లలు ఇంత శ్రద్ధగా చేసేవారు కాదు. చవక పొడులలో సాధారణంగా చాకలి సోడా పాలు ఎక్కువ. నీటిలోని సున్నపు లవణాలతో సోడా కలిసినప్పుడు సుద్దవంటి పొడి ఏర్పడి బట్టకు అంటుకుంటుంది. ఒక ముడి ముక్క బూడిదరంగుకు తిరగడం, గరుకుదనం, రెండూ దానివల్లనే. నీ చేతులు మండటానికి ఆ సోడా క్షారమే కారణం. మెరుగైన పొడులలో ఈ లవణాలను పట్టి ఉంచడానికి జియోలైటు వంటివి కలుపుతారు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన లెక్కలో కాఠిన్యం, అంటే నీటిలోని ఇటువంటి లవణాల పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే ఆధారం లేని చోట 600 వరకు సహించవచ్చు. కాబట్టి తాగడానికి పనికివచ్చిన నీరంతా తెల్లబట్టకు పనికిరావాలని లేదు.

మూడు ముడులది ఎండలో మెరిసి ఇంట్లో మెరవకపోవడం ఈ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం. తెలుపు కోసం అమ్మే పొడులలో కాంతిని పెంచే రంగులేని రసాయనాలు ఉంటాయి. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా తిరిగి వదులుతాయి, ఆ నీలం బట్టలోని పచ్చదనాన్ని కప్పివేస్తుంది. మన ఇళ్లలోని ఎల్‌ఈడీ దీపాలలో ఆ కిరణాలు దాదాపుగా ఉండవు కనుక లోపలికి తెస్తే అసలు రంగు బయటపడుతుంది. అంటే ఆ మెరుపు మురికి పోయినందువల్ల వచ్చినది కాదు. నీలిమందు చేసేదీ కంటికి సంబంధించిన పనే, కాకపోతే అది తానే నీలంగా ఉండి పసుపును చంపుతుంది. 1983లో కేరళలో రామచంద్రన్‌గారు ఉజాలా తెచ్చేవరకు మనకు నీలిమందు అంటే పొడే. నీళ్లలో సరిగా కలవక బట్టమీద చుక్కలు పడేవి.

లిక్విడ్‌తో కాలరు గీత పోకపోవడానికీ కారణం ఉంది. ఆక్సిజన్ విడుదల చేసి మరకను విరిచే పెర్‌కార్బొనేటు అనే పదార్థం నీటిలో నిలవ ఉండదు, అందుచేత అది పొడులలోనే కలపగలిగినది. చెమట, జిడ్డు పేరుకున్న తెల్లబట్టకు మరకను విడగొట్టే ఎంజైములు, ఈ ఆక్సిజన్ బ్లీచి రెండూ ఉన్న పొడి మేలు; రంగుబట్టకు లిక్విడ్ చాలు. ఎంజైములు మరిగే నీటిలో చచ్చిపోతాయి, పెర్‌కార్బొనేటు చన్నీటిలో బద్ధకిస్తుంది. చేయి పెట్టగలిగినంత వెచ్చని నీటిలో గంటసేపు నానబెట్టడం రెంటికీ సరిపోతుంది. అయితే నీటిలో ఇనుము ఉన్నంతకాలం ఇదీ ప్రమాదమే, ఇనుము సమక్షంలో ఆ ఆక్సిజన్ మరకతోపాటు నూలునూ కొరుకుతుంది, బట్ట చిల్లులు పడుతుంది.

అందుకని ముందు నీటిని బాగుచేసుకో. రెండు డ్రమ్ములు పెట్టి, పైనుంచి జల్లులా పడేటట్లు నింపి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, మరునాడు అడుగు నీరు వదిలి పై నీటిని మందపాటి గుడ్డలో వడకట్టి వాడు. ఇప్పటికే పచ్చబడిన వాటిని నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఒక చెంచా కలిపిన అర బకెట్టు గోరువెచ్చని నీటిలో రెండు గంటలు ఉంచి బాగా జాడించు. ఆ నిమ్మ ఉప్పు నీటిలో ఎట్టి పరిస్థితిలోనూ క్లోరిన్ బ్లీచి కలపకూడదు, విషవాయువు వస్తుంది.

పొడుల పేర్ల తగువు మనకు పాతదే. 1959లో సర్ఫ్ వచ్చింది, 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి చవకగా ఇంటింటికీ చేర్చారు. ఇన్నేళ్లకూ మన ఆడవాళ్లు ఏ పొడి కొన్నా దాన్ని సర్ఫు అనే పిలుస్తారు.

సమాధానం: రాయగడ ఇస్త్రీ బండి

మాస్టారికి దండాలు. మా తాతలది చాకలి వృత్తి, నాగావళి రేవులో బట్టలుతికి బతికినవాళ్లం. నాకు ఇప్పుడు ఇస్త్రీ బండి, ఒక చిన్న ఉతుకు షాపు ఉన్నాయి. రసాయనాల పేర్లు నాకు తెలియవు గాని, మాస్టారు చెప్పినది మా తాత వేరే మాటల్లో చెప్పేవాడు. బావి నీళ్లలో ఉతికిన తెల్లబట్టను రేవులో ఇంకోసారి తడపనిదే ఉబ్బలో పెట్టేవాడు కాదు. చవుడు మన్ను నీళ్లలో ముంచిన బట్టలను బాన మీద చుట్టగా పేర్చి ఆవిరికి ఉడికించడాన్నే మేము ఉబ్బ అంటాము. తెల్లవారి తీసి, బండమీద కొట్టి, రేవు ఒడ్డున గడ్డి మీద పరిచేవారు. ఆరిపోతున్నప్పుడల్లా పైన నీళ్లు చిలకరించేవారు. తడి, ఎండ రెండూ కలిసినప్పుడే తెలుపు తేలుతుంది; ఎండిపోయిన బట్టను ఎంతసేపు ఎండలో ఉంచినా ప్రయోజనం లేదు. మాస్టారు ఎండ మాట రాయలేదు కనుక రాస్తున్నాను.

పసుపు మరకకైతే ఎండను మించిన మందు లేదు. పప్పు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, కొత్త కోడళ్లు అది చూసి రక్తమనుకుని కంగారు పడతారు. సబ్బులోని ఘాటుకు పసుపు ఎర్రబడటమే అది, జాడిస్తే మళ్లీ పచ్చగా అవుతుంది. ఎర్రబడిందని రుద్ది రుద్ది పోగు చింపుకోవద్దు. సబ్బు వదిలించి తడిగా రెండు ఎండలు ఆరనిస్తే దానంతట అదే వెలిసిపోతుంది.

నీలిమందు మీద మాకు పట్టింపు ఉంది. సబ్బు పూర్తిగా పోయాక, చివరి బకెట్టు నిండుగా నీళ్లు తీసుకుని, ముందు నీలిని నీళ్లలో కలియబెట్టి, ఆ తరువాతే బట్టను ముంచాలి. బట్ట అప్పటికే తడిగా ఉండాలి, విప్పి ముంచాలి, ముంచిన వెంటనే పైకి లాగాలి. పొడిబట్టను ముంచితే ఎక్కడ ముందు తగిలితే అక్కడ పట్టేస్తుంది. పచ్చబడిన బట్టకు నీలి ఎక్కువ పెడితే తెల్లగా కాదు, పావురం రంగుకు వస్తుంది. మా షాపుకు అలాంటి చొక్కాలు వారానికి ఒకటైనా వస్తాయి.

ఇంకొకటి, మరక ఉన్న బట్టను ఇస్త్రీ చేయవద్దు. కాలరుకు చెమట గీత ఉండగా పెట్టె పెడితే ఆ గీత కాలి, గట్టిపడి, జన్మలో వదలదు. గంజి కూడా పలుచగానే పెట్టండి, చిక్కటి గంజి పెట్టిన పంచె వానాకాలంలో ముక్క వాసన వచ్చి బూజు చుక్కలు వేస్తుంది.

సమాధానం: సోలాపూర్ మగ్గం

మాది పద్మశాలి కుటుంబం, మూడు తరాలుగా సోలాపూర్‌లో తువ్వాళ్ల పని. క్లుప్తంగా ఒక మాట. మగ్గం మీంచి దిగిన నూలుగుడ్డ తెల్లగా ఉండదు, మీగడ రంగులో ఉంటుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లబరిచి, మాస్టారు చెప్పిన కాంతి రసాయనాన్ని ఎక్కించి అమ్ముతారు. అంగట్లో కొత్త లాల్చీకి ఉన్న తెలుపు నూలు సొంత రంగు కాదన్నమాట. ఉతికేకొద్దీ, ఎండేకొద్దీ ఆ పూత తగ్గి మీగడ రంగు బయటకు వస్తుంది. అందులో కొంత మీ బోరు తప్పు, కొంత గుడ్డ తన పుట్టుకకు తిరిగి వెళ్లడం. పొందూరు ఖద్దరు వంటి చేతి నూలును మెరుపు పొడులతో ఉతికితే చల్లని నీలి తెలుపు వచ్చి ఖద్దరు కళ పోతుంది. మా నాన్న అయితే అలాంటి పంచెను చూసి పాలిస్టరు అనుకుంటాడు. దానికి సాదా సబ్బు, మంచి నీరు చాలు. యూనిఫారాలకు ఏ పొడి వాడుకున్నా మీ ఇష్టం.

పర్లాకిమిడి కోడలు (ఏడు వారాల తరువాత)

మాస్టారూ, అందరికీ నమస్కారం. సీసా పరీక్ష ఆ రాత్రే చేశాను. ఉదయానికి అడుగున చిటికెడు ఎర్రమట్టి చేరింది, కదిపితే నీరంతా మురికి గోధుమ రంగు. మామగారిని పిలిచి చూపించాను. ఆయన సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, డ్రమ్ములు తానే తెప్పిస్తానన్నారు.

ఇప్పుడు ఒక డ్రమ్ము తేరుకుంటూ ఉంటే రెండోది వాడుతున్నాము. పాత లాల్చీలు అయిదింటిని నిమ్మ ఉప్పు నీటిలో పెట్టాను. నీరు లేత టీ రంగుకు వచ్చింది. మూడు బాగా తేరుకున్నాయి, ఒకటి సగం, కాలరు మీద ఇస్త్రీ పడిన అయిదోది అలాగే ఉంది. రాయగడ అన్నగారు రాసినది అక్షరాలా నిజం. నాలుగు ముడుల పరీక్షను తేరిన నీటితో కొత్త ముక్కల మీద మళ్లీ చేశాను. ఈసారి మధ్యరకం పొడికీ ఖరీదైన పొడికీ ఇంట్లో చూస్తే నాకు తేడా దొరకలేదు, చవక పొడి ముక్క మాత్రం కొద్దిగా గరుకుగానే ఉంది. అందుచేత యూనిఫారాలకు మధ్యరకం, పంచెలకు సాదా బట్టల సబ్బు అని స్థిరపడ్డాను. సోలాపూర్ వారి మాట విని నీలిమందు పంచెలకు మానేశాను, లాల్చీలకు నెలకొకసారి పెడుతున్నాను. బల్లార్‌షా అక్కయ్యగారూ, దులిపి ఉతకడం మా ఎర్రదుమ్ముకూ పనిచేస్తోంది.

ఒక సందేహం మిగిలింది. డ్రమ్ము లోపలి గోడలకు కూడా ఎర్రగా పట్టింది. దాన్ని ప్రతిసారీ కడగాలా?

బరంపురం మాస్టారు

గోడలకు పట్టినదాన్ని పట్టించుకోనక్కరలేదు, అడుగున చేరిన మడ్డినే పదిహేను రోజులకొకసారి వదిలించు. తోడేటప్పుడు చెంబు అడుగుదాకా దించకు. వర్షాకాలంలో ఇంటి పైకప్పు నీరు పట్టుకునే వీలుంటే, మొదటి వానను వదిలేసి రెండో వాన నుంచి ఒక డ్రమ్ము నింపుకో. తెల్లబట్ట ఆఖరి జాడింపుకు అంతకన్నా మెత్తని నీరు దొరకదు.